నేరం ఒప్పుకుంటే అన్నీ తీరిపోతాయంటున్నారు, ఏం చేయమంటారు?

ఖమ్మం జిల్లా నుంచి ఒక సోదరి పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమె భర్త కొన్నేళ్లుగా కెన్యాలో ఉంటున్నారు. నైరోబీ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ కంపెనీలో గోడౌను, అకౌంట్లు రెండూ ఆయనే చూసేవారు. ఈ ఏడాది స్టాకు లెక్క పెట్టినప్పుడు 34 లక్షల షిల్లింగుల సరుకు తేలలేదు. ఓనరు ఆయన్ను రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసులో కూర్చోబెట్టి, "లోటుకు బాధ్యత నాదే, నెలనెలా కట్టేస్తాను" అని లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం తీసుకున్నారు. జీతం ఆపేశారు. తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. అక్కడి శిక్షాస్మృతి 281వ సెక్షన్ కింద, అంటే పనిచేసే చోట యజమాని సొత్తు దొంగిలించాడని, మేజిస్ట్రేట్ కోర్టులో కేసు నడుస్తోంది. మొదటి రోజు ఆయన నేరం చేయలేదనే చెప్పారు. అక్కడున్న తెలుగు మిత్రుడొకరు తన కారు లాగ్‌బుక్, అంటే కారు యాజమాన్య పత్రం, కోర్టులో పెట్టి జామీను ఉన్నారు. పాస్‌పోర్టు కోర్టు స్వాధీనంలో ఉంది. ఇంతలో అదే 34 లక్షలు వడ్డీతో సహా కట్టమని సివిల్ దావా కూడా పడింది.

ఇప్పుడు ఓనరు తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, "వచ్చే వాయిదాకి నేరం ఒప్పుకో. చిన్న ఫైను వేసి వదిలేస్తారు. పాస్‌పోర్టు తీసుకుని ఇంటికెళ్లిపో, సివిల్ కేసు సంగతి మేం చూసుకుంటాం" అంటున్నారట. ప్రస్తుతం కేసు చూస్తున్న లాయర్ని కుదిర్చింది కూడా ఆ పెద్దమనిషే. మామగారు ఒప్పుకుని వచ్చేయమంటున్నారు. పొలం అమ్మి కట్టేద్దామని అత్తగారి మాట. ఈ సోదరి తమ్ముడు మాత్రం ఒప్పుకోవద్దంటూ కెన్యా హైకోర్టు తీర్పులు నెట్‌లో వెతికి ఓ పది పంపించాడు. వాటిలో ఒకటి డబ్బు తగాదాకి పోలీసు కేసు పెట్టడం తప్పంటుంది, ఇంకొకటి రెండు కేసులూ పక్కపక్కనే నడవొచ్చంటుంది. ఒక స్టోర్‌కీపర్‌ని విడిచిపెట్టారు, అలాంటి ఆరోపణే ఉన్న ఇంకొకరి శిక్ష ఖాయం చేశారు. "చదివిన కొద్దీ టెన్షన్ పెరిగింది, ఏది నమ్మాలి?" అని అడిగారు.

ఉత్తరం చివర ఒక మాట ఉంది. "జనవరిలో మా ఆడపడుచు పెళ్లికి రెండున్నర లక్షలు పంపారు. ఓనరు అడ్వాన్స్ ఇచ్చాడన్నారు. ఇప్పుడు అడగాలంటే నోరు రావడం లేదు."

అమ్మా,

మీ ఉత్తరంలో నలుగురు నాలుగు మాటలు చెబుతున్నారు. ఆ నలుగురిలో ఎవరి చేతిలో ఏముందో ముందు చూద్దాం. అక్కడే సగం చిక్కు విడిపోతుంది.

క్రిమినల్ కేసు ఓనరుది కాదు. కాగితం మీద అది "రిపబ్లిక్ వర్సెస్" మీవారు. నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్ ఆఫీసు. కెన్యా రాజ్యాంగం ప్రకారం ఆ డైరెక్టర్ కూడా కోర్టు అనుమతి లేకుండా నడుస్తున్న కేసు ఆపేయలేరు. ఓనరు అందులో ఫిర్యాదుదారు, సాక్షి, అంతే. కాబట్టి "చిన్న ఫైనుతో వదిలేస్తారు" అనే మాట ఇవ్వడానికి ఆ పెద్దమనిషికి గానీ, ఓనరుకు గానీ, ఆయన లాయరుకు గానీ అధికారం లేదు. 281 కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్ల జైలు. మేజిస్ట్రేట్ ఫైనుతో సరిపెట్టవచ్చు, జైలుకూ పంపవచ్చు. అది ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్నవారి నిర్ణయం. ఒప్పుకున్నాక జైలు పడితే రాయబారి మీ ఫోను ఎత్తుతాడన్న నమ్మకం నాకు లేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. దీన్ని నిదానంగా చదవండి, వీలైతే మామగారికి కూడా చదివి వినిపించండి.

కెన్యా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 348వ సెక్షన్ ప్రకారం, కింది కోర్టులో నేరం ఒప్పుకుని శిక్ష పడిన మనిషి ఆ నేర నిర్ణయం మీద అప్పీలు చేయడానికి వీల్లేదు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే హైకోర్టుకు వెళ్లొచ్చు. అంటే "ముందు ఒప్పుకుని బయటపడదాం, తర్వాత హైకోర్టులో చూసుకుందాం" అనే దారి దాదాపు మూసుకుపోతుంది. ఒప్పుకోలు తీసుకున్న పద్ధతే తప్పైతే తప్ప. ఆ పద్ధతిని 1973లో తూర్పు ఆఫ్రికా అప్పీలు కోర్టు ఆదాన్ కేసులో నిర్ణయించింది. నిందితుడికి తెలిసిన భాషలో ఆరోపణ మొత్తం వివరించాలి. అతను అన్న మాటలు అన్నట్టే రాసుకోవాలి. తర్వాత ప్రాసిక్యూషన్ వాస్తవాలు చదవాలి, వాటిలో ఏదైనా కాదంటాడేమో అడగాలి. ఇది సరిగ్గా జరగలేదని కెన్యా హైకోర్టు ఎన్నో ఒప్పుకోళ్లు కొట్టేసింది. కానీ మీవారు ఇంగ్లీషు వచ్చిన అకౌంటెంటు, పక్కన లాయరు కూడా ఉంటాడు. ఆయన విషయంలో ఆ వాదన నిలబడుతుందని ఆశ పెట్టుకోకండి.

రెండోది, సాక్ష్య చట్టం 47ఎ సెక్షన్. క్రిమినల్ కోర్టు ఒక మనిషిని దోషి అని తేల్చి, అప్పీలు గడువు కూడా దాటిపోతే, ఆ నేరం అతను చేశాడనడానికి ఆ తీర్పే తిరుగులేని రుజువు. అంటే వచ్చే వాయిదాకి మీవారు "చేశాను" అంటే, పక్క కోర్టులో ఉన్న 34 లక్షల దావాలో ఓనరు కొత్తగా దొంగతనం నిరూపించనక్కర్లేదు. ఆ తీర్పు నకలు పెడితే చాలు, ఇక మిగిలేది ఎంత సొమ్ము అన్న లెక్కే. "సివిల్ కేసు మేం చూసుకుంటాం" అన్న మాటను ఈ సెక్షన్ పక్కన పెట్టి చదివితే ఆ రాయబారం ఎవరికి లాభమో మీకే తెలుస్తుంది. ఆ పెద్దమనిషి మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు, ఆయనకి కూడా ఈ సంగతి తెలియకపోవచ్చు. తెలిసినా తెలియకపోయినా ఫలితం ఒకటే.

దీనికి తిరగేసి చూస్తే మాత్రం అలా ఉండదు. మీవారు నిర్దోషిగా బయటపడినా సివిల్ దావా దానంతటదే పోదు. క్రిమినల్ కేసులో అనుమానానికి తావులేకుండా రుజువు చేయాలి. సివిల్‌లో ఎవరి వైపు మొగ్గు ఉందో చూస్తే సరిపోతుంది. అందుకే అక్కడ గెలిచి ఇక్కడ ఓడినవాళ్లు ఉన్నారు.

ఇక మీ తమ్ముడు పంపిన తీర్పులు. అతను మంచి పనే చేశాడు, కసురుకోకండి. మీకు కనిపించిన వైరుధ్యం నిజానికి అంత పెద్దది కాదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 193ఎ అనే సెక్షన్ ఉంది. ఒక విషయం మీద సివిల్ కేసు నడుస్తోందన్న కారణంతో క్రిమినల్ కేసు ఆపనక్కర్లేదని అది చెబుతుంది. "రెండూ నడవొచ్చు" అన్న తీర్పులన్నీ దీని మీద నిలబడ్డవే. 2002లో మొంబాసాలో హైకోర్టు చెప్పింది వేరే సంగతి: సివిల్ తగాదాలో విసిగిన మనిషికి చేయూతనివ్వడం క్రిమినల్ దర్యాప్తు ఉద్దేశం కాదని. డబ్బు రాబట్టడానికే అరెస్టు భయం పెడుతున్నారని చూపించగలిగితే హైకోర్టు కేసు ఆపుతుంది. ఊరికే రెండూ ఒకటే వాస్తవాలన్నంత మాత్రాన ఆపదు. మీ విషయంలో రాయబారి మాటలు ఏదైనా మెసేజ్‌లో ఉన్నాయా? "ఒప్పుకో, సివిల్ సంగతి మేం చూసుకుంటాం" అని వాట్సాప్‌లో రాసి ఉంటే దాన్ని చెరపవద్దని మీవారికి ఇవాళే చెప్పండి. కాల్‌లో అన్నమాటైతే తేదీ, టైము, అన్నది అన్నట్టుగా ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి.

స్టోర్‌కీపర్ల తీర్పులు రెండు రకాలుగా ఎందుకొచ్చాయంటే, హైకోర్టు మొదటి అప్పీలులో సాక్ష్యం మొత్తం మళ్లీ తానే తూకం వేసి చూడాలి. 1972 నాటి ఒకెనో తీర్పు నుంచీ అదే నియమం. కాబట్టి ప్రతి తీర్పూ ఆ కేసులో ఉన్న కాగితాల మీద ఆధారపడుతుంది. అవి చదివేటప్పుడు చివరన ఎవరు గెలిచారో చూసి ఆగిపోకండి. మధ్యలో జడ్జి ఏ ప్రశ్నలు వేశారో చూడండి. గోడౌను తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి? స్టాకు లెక్కపెట్టినప్పుడు నిందితుడు అక్కడ ఉన్నాడా? అంతకు ముందు లెక్క ఎప్పుడు పెట్టారు, అప్పుడు మిగులు ఎంత? ఆడిట్ చేసినవాళ్లు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారా, లేక ఓనరు "లోటు వచ్చింది" అన్న మాటొక్కటేనా? సరుకు తేలకపోవడం ఒకటి, దాన్ని ఫలానా మనిషి తీసుకుపోవడం ఒకటి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అనుకోమంటే క్రిమినల్ కోర్టు ఒప్పుకోకూడదు.

మీరు రాసినదాన్ని బట్టి ఆ కంపెనీ లెక్కలు కంప్యూటర్లో, ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, రాత్రి షిఫ్టులో సూపర్‌వైజర్ దగ్గర ఇంకో తాళం ఉంది. ఇవి రెండూ చిన్న విషయాలు కావు. కంప్యూటర్ నుంచి తీసిన ప్రింటవుట్ కెన్యాలో సాక్ష్యంగా నిలవాలంటే సాక్ష్య చట్టం 106బి కింద, ఆ కంప్యూటర్‌కి బాధ్యుడైన మనిషి సంతకంతో సర్టిఫికెట్ ఉండాలి. అది పెట్టారా? మీవారు సెలవులో ఉన్నప్పుడు ఆయన ఐడీతో ఎవరైనా ఎంట్రీలు వేశారా? డెలివరీ నోట్లు, గేటు రిజిస్టరు అడిగారా? రాజ్యాంగం 50వ అధికరణం ప్రకారం ప్రాసిక్యూషన్ తన దగ్గరున్న సాక్ష్యాన్ని ముందే నిందితుడికి చూపించాలి. ఆ కాపీలన్నీ ఇప్పటికే లాయరు ఫైల్లో ఉండాలి. లేకపోతే అడగలేదని అర్థం. రాయబారి కుదిర్చిన లాయరు కాబట్టి ఈ ఒక్కటి చూసుకోండి. కాపీలు తీసుకోకుండానే ఒప్పుకోమని సలహా ఇచ్చిన లాయర్ని నేనైతే ఒక్క రోజు కూడా ఉంచుకోను.

ఆ రాత్రి సంతకం పెట్టిన కాగితం గురించి మీరు చాలా భయపడ్డారు. క్రిమినల్ కేసులో దాని బలం మీరనుకున్నంత లేదు. నేరాంగీకారం చెల్లాలంటే జడ్జి ముందో, మేజిస్ట్రేట్ ముందో, లేదా ఈ కేసు దర్యాప్తు చేయని, ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని పోలీసు అధికారి ముందు, నిందితుడు కోరుకున్న మూడో మనిషి సమక్షంలోనో జరగాలని సాక్ష్య చట్టం 25ఎ అంటుంది. ఓనరు గదిలో తలుపేసి రాయించింది ఈ కోవలోకి రాదని మీ లాయరు వాదించవచ్చు. సివిల్ దావాలో మాత్రం అదే కాగితం అప్పు ఒప్పందంగా ముందుకొస్తుంది. అక్కడ బలవంతంగా రాయించారని మీవారు నిరూపించుకోవాలి. ఆ రాత్రి ఎవరెవరు ఉన్నారు, ఎప్పటిదాకా ఉంచారు, ఫోను తీసుకున్నారా, మీకు ఆయన ఎన్నింటికి కాల్ చేశారు, ఇవన్నీ ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. మీ ఫోన్లో ఆ రోజు కాల్ వివరాలు ఉంటే స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మీరు ఇక్కడ కూర్చుని చేయగలిగిన పనుల్లో ఇదొకటి.

ఇక మీరు అడగలేకపోతున్న ప్రశ్న దగ్గరికి వస్తాను.

అమ్మా, ఆ రెండున్నర లక్షల సంగతి మీరు ఆయన్ను అడగాలి. నిందించడానికి కాదు. ఆ డబ్బు నిజంగా అడ్వాన్స్ అయితే దాని జాడ ఎక్కడో ఉంటుంది. బ్యాంకు ఖాతాలోకో, ఎం-పెసా అనే అక్కడి మొబైల్ డబ్బు ఖాతాలోకో వచ్చి ఉంటుంది, లేదా జీతం స్లిప్పులో కోత కనబడుతుంది. ఎం-పెసా స్టేట్‌మెంట్ తీయించుకోవడం కష్టమేం కాదు. ఆ కాగితం దొరికితే, రేపు ప్రాసిక్యూటర్ "జనవరిలో ఇండియాకి ఇంత డబ్బు ఎక్కడిది?" అన్నప్పుడు జవాబు సిద్ధంగా ఉంటుంది. దొరకకపోతే ఆ ప్రశ్న కోర్టులో మొదటిసారి వినడం కన్నా ఇప్పుడు వినడం మేలు. వీడియో కాల్‌లో మామగారు, పిల్లలు పక్కన ఉండగా అడగవద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు, "నువ్వేం చెప్పినా నేను నీతోనే ఉంటాను, కానీ ఏ దారి పట్టాలో తెలియాలంటే నిజం తెలియాలి" అనండి. మీరు అలా ఉండగలరా లేదా అన్నది మాత్రం అడిగే ముందు మీతో మీరు తేల్చుకోండి, ఉండలేననిపిస్తే ఆ మాట ఇవ్వకండి. మీకు చెప్పలేకపోతే కనీసం లాయరుకు చెప్పమనండి. లాయరుకు చెప్పింది బయటికి పోదు. మీ ఆడపడుచు పెళ్లికి వాడిన డబ్బు కాబట్టి ఇంట్లో ఈ ప్రస్తావన తెస్తే గొడవవుతుందని మీరు వెనకాడుతున్నారనీ నాకు అర్థమైంది. ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పాల్సిన పని లేదు.

ఆయన జవాబును బట్టి దారులు మారతాయి.

తీయలేదు అంటే, కేసు నడపడం ఒక దారి. దానికి ఓపిక కావాలి. వాయిదాలు పడతాయి, సాక్షులు రారు, మేజిస్ట్రేట్ బదిలీ అవుతారు. పాస్‌పోర్టు కోర్టులో ఉన్నంతకాలం ఇంటికి రావాలంటే ప్రతిసారీ అనుమతి అడగాలి. పని పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉంటుంది కాబట్టి ఉద్యోగం పోతే అక్కడ ఉండే హక్కు కూడా చిక్కులో పడుతుంది. కేసు పెండింగ్‌లో ఉందని ఇమ్మిగ్రేషన్‌కి చూపించి, తాత్కాలికంగా ఉండనిచ్చే స్పెషల్ పాస్ అడగవచ్చు, అది ఎప్పటికప్పుడు చూసుకోవాల్సిన పని. శిక్ష పడితే 14 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేయాలి. సివిల్ తీర్పు మీదైతే 30 రోజులు. గెలిస్తే పేరు నిలబడుతుంది, జీతం బకాయి అడిగే హక్కు మిగులుతుంది. ఖర్చు, ఒంటరితనం మాత్రం తప్పవు.

తీయలేదు గానీ ఈ బాధ పడలేను అంటే, డబ్బు విషయం రాజీ చేసుకోవడం ఇంకో దారి. అత్తగారు చెప్పే పొలం అమ్మకం ఇక్కడ వస్తుంది. రాజీ పడటం తప్పు కాదు. కెన్యా రాజ్యాంగం 159వ అధికరణమే రాజీలను ప్రోత్సహించమంటుంది. 2013లో నైరోబీ హైకోర్టు, రెండు కుటుంబాలూ పరిహారం ఇచ్చి పుచ్చుకుని కలిసిపోయాయని, ఒక హత్య కేసునే వెనక్కి తీసుకోనిచ్చింది. దాని మీద న్యాయవాదుల్లో ఇప్పటికీ వాదన ఉంది గానీ, దొంగతనం కేసులో రాజీ కోరడం వింత కాదని చెప్పడానికి ఇది చాలు. అయితే రెండు షరతులు పట్టుకోవాలి. రాజీ పత్రంలో "తప్పు ఒప్పుకోకుండా, తగాదా ముగించుకోవడానికి మాత్రమే" అన్న మాట ఉండాలి, సివిల్ దావా కూడా అదే పత్రంతో ముగియాలి. క్రిమినల్ కేసు ఏ సెక్షన్ కింద వెనక్కి పోతోందో చూడాలి. ఫిర్యాదుదారు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 204 కింద వెనక్కి తీసుకుంటే కోర్టు నిర్దోషిగా విడుదల చేస్తుంది. ప్రాసిక్యూటర్ 87(ఎ) కింద, మీవారు డిఫెన్సు మొదలుపెట్టక ముందే వెనక్కి తీసుకుంటే అది డిశ్చార్జి మాత్రమే, అదే కేసు మళ్లీ పెట్టవచ్చు. ఆర్డరు కాపీ చేతికొచ్చాక ఆ అంకె చదవకుండా చివరి వాయిదా సొమ్ము ఇవ్వవద్దు. ఇచ్చే ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారా, లాయర్ల ఖాతాల ద్వారా పోవాలి. రాయబారి చేతికి ఒక్క పైసా ఇవ్వకండి.

పొలం గురించి నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఎంత లోటో ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద చూపించలేదు. ఆ లెక్క చూడకుండా ఎకరం కూడా అమ్మవద్దు. అమ్మాల్సి వచ్చినా అది మీ పిల్లల చదువుకు ఉన్న ఒకే ఆధారమని మీరే రాశారు. 34 లక్షలు అడుగుతున్నారంటే 34 లక్షలకే తెగాలని లేదు.

తీశాను అంటే, మొత్తమో, కొంతో, అప్పుడు కూడా రాయబారి చెప్పిన దారి మంచిది కాదు. చట్టబద్ధంగా ఇంకో దారి ఉంది. కెన్యాలో 2008 నుంచీ ప్రాసిక్యూటర్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకునే పద్ధతి ఉంది. ఏ ఆరోపణ ఒప్పుకుంటారు, ఎంత సొమ్ము తిరిగి ఇస్తారు, అన్నీ అందులో ఉంటాయి. మేజిస్ట్రేట్ ఆ ఒప్పందం మీవారికి అర్థమైందో లేదో స్వయంగా అడిగి రాసుకుంటారు. శిక్ష అప్పుడూ కోర్టు చేతిలోనే ఉంటుంది, నేరం రికార్డుకెక్కుతుంది, విదేశీయుడు కాబట్టి దేశం విడిచి వెళ్లమనే అవకాశమూ ఉంది. కానీ రెండు లక్షలు తీసినవాడు 34 లక్షలకు ఒప్పుకునే ప్రమాదం తప్పుతుంది. 47ఎ వల్ల వచ్చే చిక్కుకు ఇదే సరైన విరుగుడు: ఏం చేశారో దానికే ఒప్పుకోవడం, అంతకు మించి కాదు.

నాలుగో దారి గురించి మీరు అడగలేదు, మీ మామగారు ఫోన్లో అన్నారని మాత్రం రాశారు: "ఎలాగోలా దేశం దాటి వచ్చేయమను." ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా చెప్పలేను. లాగ్‌బుక్ పెట్టిన ఆ స్నేహితుడు కారు పోగొట్టుకుంటాడు, కోర్టుకు జవాబు చెప్పుకోవాలి. మీవారి మీద వారెంటు పుడుతుంది, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టలేరు. కష్టంలో నిలబడ్డ ఒక్క మనిషిని ముంచి ఇంటికొస్తే ఆయనకి మనశ్శాంతి ఉంటుందా?

మీ భయాల్లో రెండు తీసేయగలను. ఒకటి, ఖమ్మంలో ఇల్లు జప్తు చేస్తారని. ఇల్లు మామగారి పేరు మీద ఉంది, కొడుకు బాకీకి అది రాదు. పైగా మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద, నేరుగా డిక్రీ అమలుచేసే దేశాల జాబితాలో కెన్యా లేదు. అక్కడి డిక్రీ పట్టుకుని ఇక్కడ రావాలంటే మళ్లీ ఇక్కడి కోర్టులో కొత్తగా దావా వేయాలి. అలాగని ఆ డిక్రీకి విలువ లేదనుకోవద్దు, ఆయన అక్కడున్నంతకాలం అది వెంటాడుతుంది. రెండోది, డబ్బు కట్టలేకపోతే సివిల్ జైల్లో వేస్తారని. కెన్యా చట్టంలో ఆ ఏర్పాటు ఉంది, నిజమే. కానీ 2010లో, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన మార్తా కూమే హైకోర్టు జడ్జిగా ఉన్నప్పుడు, ఒప్పందం ప్రకారం కట్టలేకపోయాడన్న ఒక్క కారణంతో మనిషిని జైల్లో పెట్టడం అంతర్జాతీయ ఒడంబడికకు విరుద్ధమన్నారు. 2012లో ఇంకో హైకోర్టు తీర్పు, ఆ చట్టం చెల్లుతుంది గానీ నోటీసు ఇచ్చి, స్తోమత విచారించి, నియమాలు కచ్చితంగా పాటించాలంది. స్తోమత ఉండీ ఎగ్గొట్టేవాడి కోసం ఆ జైలు. లేనివాడి కోసం కాదు.

ఒక మాట మరిచిపోయేదాన్ని: విచారణ జరపకుండా ఉద్యోగంలోంచి తీసేయడం, జీతం ఆపడం మీద వేరే కేసు ఉంటుంది. అది హైకోర్టుకు పోదు, దానితో సమాన స్థాయిలో ఉన్న ఎంప్లాయ్‌మెంట్ కోర్టుకు పోతుంది. గడువు మూడేళ్లు. ఇప్పుడే తలకెత్తుకోనక్కర్లేదు, రాజీ మాటల్లో మాత్రం దీన్ని కూడా బల్ల మీద పెట్టించండి.

నైరోబీలోని భారత హైకమిషన్‌కి మీవారు ఒక మెయిలు రాయాలి. వాళ్లు కోర్టులో జోక్యం చేసుకోరు, వాదించరు. ఒక భారతీయుడు ఫలానా కేసులో ఉన్నాడని రికార్డులో ఉండటం, లాయర్ల జాబితా దొరకడం, ఇవి ఉపయోగం. మీరు ఇక్కణ్ణుంచి మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు, మీ తమ్ముడికి ఆ పని అప్పగించండి. కొత్త లాయరు దొరికితే అతనికి ఈ ఏడాది ప్రాక్టీసు లైసెన్సు ఉందో లేదో లా సొసైటీ ఆఫ్ కెన్యా వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడమనండి. తీర్పులు ఇంకా వెతుకుతానంటే కెన్యా లా వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటాయి. ఈమధ్యవాటికి కేఈహెచ్‌సీ (KEHC) అనే గుర్తు ఉంటే హైకోర్టువి. "281" తోపాటు "స్టాక్ టేకింగ్", "ఆడిట్" అని వెతకమనండి. దొరికినవాటిని మీకు కాదు, లాయరుకు పంపమనండి. మీకు నిద్ర కావాలి.

వచ్చే వాయిదా మెన్షనా, హియరింగా అన్నది ఇవాళే కనుక్కోండి. మెన్షన్ అయితే సాక్షులు రారు, కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసి ఇంకో తేదీ ఇస్తారు. ఆ రోజు కొత్త లాయరు హాజరై కాపీలు అందలేదని చెప్పి సమయం అడగవచ్చు. హియరింగ్ అయితే అంతకు ముందే లాయరు మారాలి, పాత లాయరు దగ్గర్నుంచి ఫైలు రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఏదైనా సరే, ఆ రోజు మేజిస్ట్రేట్ ముందు మీవారు నోరు తెరిచి "చేశాను" అనాలా వద్దా అన్నది కాపీలన్నీ చదివిన లాయరుతో కూర్చున్నాకే తేల్చుకోమనండి. అప్పటిదాకా మొదటి రోజు చెప్పిన "నేరం చేయలేదు" అన్న మాటే రికార్డులో ఉంటుంది. దాన్ని అలా ఉంచడానికి ఆయన కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు.